మంట ముందు గాజు శిల్పం నేర్చుకోవడం: తంగేడు పువ్వుతో మొదలుపెట్టవచ్చా?

తంగేడుపూత (కరీంనగర్)

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గాజు పూల గురించి తరగతిలో చెప్పినప్పుడల్లా, మన పూలను కూడా ఎవరైనా అలా చేశారా అని విద్యార్థులు అడుగుతారు. లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కుమారుడు రుడాల్ఫ్ 1887లో మొదలుపెట్టిన ఆ పనిని, 1895లో తండ్రి మరణించిన తర్వాత కుమారుడు ఒంటిచేత్తో 1936 వరకు సాగించాడు. దాదాపు 780 జాతుల మొక్కలకు 4,000 పైచిలుకు నమూనాలు తయారయ్యాయి. కొమ్మ, పువ్వుతో పాటు, కేసరాన్నీ అండాశయాన్నీ అనేక రెట్లు పెంచి, కోసి చూపించిన భాగాలు కూడా వాటిలో ఉన్నాయి.

మా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల సేకరణలో) ఉన్న తంగేడు కొమ్మ ఎండి, చదునై, రంగు పోయి గోధుమవన్నెకు వచ్చింది. కేసరాల్లో ఏవి పొడుగో ఏవి పొట్టివో, అండాశయం ఏ వైపు వంగిందో దానిలో చూపించలేను. ఐదు పసుపు రేకులు, వాటిపై సన్నని ఈనెలు, పది కేసరాలు ఉన్న ఒక తంగేడు పువ్వును గాజుతో చేసి విద్యార్థుల ముందు పెట్టాలని నా కోరిక. ఇంటి వెనుక గాలి ఆడే రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఏ గాజు తీసుకోవాలి, ఏ బర్నర్ కావాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్నవి నా ప్రశ్నలు. అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే కృతజ్ఞురాలిని.

ఊదుగొట్టం (హైదరాబాద్)

నమస్కారమండీ. నేను ఒక విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్ర విభాగంలోని గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్‌లో పనిచేసి పదవీ విరమణ చేశాను. కండెన్సర్లు, వ్యాక్యూమ్ లైన్లు చేయడమే నా వృత్తి అయినా, బొమ్మలు చేయడం కూడా ఆ బల్ల మీదే నేర్చుకున్నాను. అందువల్ల నా సలహా ప్రయోగశాల పరికరాలకు వాడే బోరోసిలికేట్ గాజు వైపే మొగ్గుతుంది. కారణం మాత్రం చెబుతాను.

వేడెక్కిన గాజు వ్యాకోచిస్తుంది, చల్లారిన గాజు కుంచించుకుపోతుంది. మామూలు సోడా గాజు, అంటే పూసలు చేసేవారు వాడే ఇటలీ కడ్డీల రకం, బోరోసిలికేట్‌తో పోలిస్తే మూడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కడ్డీలు అమ్మేవారు దీనినే 104 అని, 33 అని అంకెలతో చెబుతారు. ఈ అంకెలు శిల్పం చేసేవారికి ఎంత ముఖ్యమో పూస చేసేవారికి అంత ముఖ్యం కాదు. పూస చిన్నది, గుండ్రనిది, మొత్తం ఒకేసారి మంటలో తిరుగుతుంది. పువ్వు అలా కాదు. ఒక రేకు మొదలు మంటలో 1,200 డిగ్రీల దగ్గర కరుగుతున్న సమయంలో, దాని ఎదుటి రేకు గాలిలో చల్లారుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఏర్పడే లాగుడును తట్టుకోగలిగితేనే పువ్వు నిలుస్తుంది. బోరోసిలికేట్ ఆ లాగుడును చాలావరకు భరిస్తుంది. సోడా గాజు భరించాలంటే మొత్తం వస్తువును ఎప్పుడూ వేడిగానే ఉంచాలి, అది కొత్తవారి చేతిలో కుదరని పని.

బోరోసిలికేట్‌లో ఉన్న ఇబ్బంది దాని మొండితనం. అది దాదాపు 820 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది, స్వేచ్ఛగా మలచాలంటే ఇంకా చాలా ఎక్కువ వేడి కావాలి. గాలి, గ్యాస్ కలిసిన మంట దానికి చాలదు, ఆక్సిజన్ తప్పనిసరి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలన్న ప్రశ్నకు: మీ దగ్గరలోని పెద్ద విశ్వవిద్యాలయంలోనో, పరిశోధన సంస్థలోనో గ్లాస్ బ్లోయర్ ఉన్నారేమో విచారించండి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) వంటి చోట్ల ఇలాంటి సెక్షన్లు ఉన్నాయి. వారు పువ్వులు నేర్పకపోవచ్చు. కడ్డీని రెండు చేతులతో ఒకే వేగంతో తిప్పడం, గొట్టాన్ని గొట్టానికి అతకడం, గోడ దళసరి సమంగా ఉంచడం నేర్పుతారు. శిల్పానికి కావలసిన చేయి అక్కడే తయారవుతుంది.

మెత్తనిగాజు (బెంగళూరు)

ఊదుగొట్టం గారి మాటను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. సోడా గాజుతో శిల్పం కుదరదని అనుకుంటే మురానో చరిత్ర అంతా పక్కన పెట్టవలసి వస్తుంది. వెనిస్ నగరం తన గాజు కొలుములను 1291లో మురానో దీవికి తరలించింది. అక్కడివాడైన లూచియో బుబాకో ఈ రోజుకీ మెత్తని గాజు (సోడా గాజు) కడ్డీలతోనే, మంట ముందు, కండరాలూ వేళ్లూ విడివిడిగా కనిపించే మనుషులనూ గుర్రాలనూ మలుస్తున్నాడు. బురానోలో పుట్టిన విత్తోరియో కోస్తాంతీని కీటకాలనూ చేపలనూ అదే గాజుతో చేశాడు. ఆ సీతాకోకచిలుకల రెక్కలను చూసినవారు ఈ గాజుకు సున్నితమైన పని చేతకాదని అనలేరు.

పైగా ఇక్కడ అడిగినది పసుపు పువ్వు. సోడా గాజులో చక్కని పసుపు, నిండు పసుపు, నిమ్మపండు పసుపు సులువుగా దొరుకుతాయి, సులువుగా కరుగుతాయి. బోరోసిలికేట్‌లో మంచి పసుపు కాడ్మియంతో చేసినది, కాస్త వేడి ఎక్కువైతే బుడగలు లేచి పాడవుతుంది. ఊదుగొట్టం గారికి ఇది నాకన్నా బాగా తెలుసు. తంగేడు చేయాలనుకునేవారికి ఈ సంగతి మొదటే తెలియాలని చెబుతున్నాను.

యేనావాసి (జర్మనీ)

ఇక్కడ బ్లాష్కాల పేరు వచ్చింది కాబట్టి ఒక వివరం చేరుస్తాను. వారు బోరోసిలికేట్ వాడలేదు. ఒట్టో షాట్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ యేనా ఊళ్లోనే 19వ శతాబ్దం చివరలో ఆ గాజును రూపొందిస్తున్న కాలంలో, వారు డ్రెస్డెన్ దగ్గర హోస్టర్‌విట్జ్‌లో మెత్తని గాజుతో, కాలితో తొక్కే తిత్తి నుంచి గాలి అందే దీపం ముందు పనిచేశారు. అమెరికాలో కార్నింగ్ సంస్థ పైరెక్స్ పేరుతో అలాంటి గాజును అమ్మడం 1915లో మొదలైంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ పూలలో అంతా మంటలో అతికినది కాదు. కాడల లోపల లోహపు తీగ ఉంది, చాలా భాగాలు జిగురుతో అతికాయి, తొలి సంవత్సరాల నమూనాల్లో రంగు చాలావరకు గాజు మీద పూసిన రంగే. తర్వాతి కాలంలో రుడాల్ఫ్ రంగు గాజునూ, పొడి చేసి కరిగించిన ఎనామెల్‌నూ ఎక్కువగా వాడాడు. కాబట్టి మొత్తం పువ్వును ఒకే ముద్దగా మంట నుంచి దించాలన్న నియమం మనం పెట్టుకున్నదే తప్ప వారు పాటించినది కాదు. తంగేడుపూత గారి ఉద్దేశం బోధన కనుక, తీగనూ జిగురునూ వాడటానికి సంకోచించనక్కరలేదు.

ఇక్కడికి దూరం కాని లౌషా అనే కొండ ఊరిలో గాజు పని 1597 నుంచి ఉంది. 1835లో లుడ్విగ్ ముల్లర్-ఊరి అనే పనివాడు అక్కడ మనుషులకు కృత్రిమ గాజు కళ్లు చేయడం మొదలుపెట్టాడు. 1867లో ఊరికి గ్యాస్ కర్మాగారం వచ్చిన తర్వాత మంట వేడిగా, నిలకడగా దొరకడంతో పలుచని క్రిస్మస్ గోళాలు ఊదడం సాధ్యమైంది. పనితనం అంతకు ముందూ ఉంది, మంట మెరుగుపడగానే పని ఏ స్థాయికి వెళ్లిందో ఆ ఊరి మ్యూజియంలో చూస్తే తెలుస్తుంది. అందుకే బర్నర్ విషయంలో పొదుపు చేయవద్దని నా సలహా. చేతితో గాజు తయారు చేసే జ్ఞానాన్ని యునెస్కో 2023లో జర్మనీతో సహా ఆరు దేశాల పేరిట వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందు 2020లో ఇటలీ, ఫ్రాన్స్ దేశాల గాజు పూసల కళను చేర్చింది.

నీలిజ్వాల (విశాఖపట్నం)

బర్నర్ కొనే ముందు షెడ్డు గురించి మాట్లాడాలి. నేను ఇంటి వెనుక షెడ్డులోనే పని చేస్తాను, కాబట్టి ఈ భాగం కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకొని గుంటల్లోనూ మూలల్లోనూ నిలుస్తుంది. అందువల్ల సిలిండర్ షెడ్డు బయట, నేల కంటే దిగువన లేని చోట ఉండాలి, నేలకు దగ్గరగా గాలి పోయే మార్గం ఉండాలి. వంటింటి సిలిండర్‌ను ఈ పనికి వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాలి. ఆక్సిజన్ సిలిండర్‌ను గోడకు గొలుసుతో నిలువుగా కట్టాలి. దాని రెగ్యులేటర్‌కు, వాల్వ్‌కు, గొట్టపు చివరలకు నూనె గానీ గ్రీజు గానీ ఎప్పుడూ తగలకూడదు, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌తో నూనె కలిస్తే దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. రెండు గ్యాసుల దారిలోనూ, మంట గొట్టంలోకి వెనక్కి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు పెట్టించండి. గ్యాస్ వైపు బిగింపులు ఎడమ మరలతో ఉంటాయి, కుదరడం లేదని బలవంతంగా బిగించకూడదు.

ఆక్సిజన్ సిలిండర్ వద్దనుకుంటే, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సెంట్రేటర్ ఉంది. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చేది చిన్న బర్నర్‌కు, చిన్న పనికి సరిపోతుంది. దాని ఒత్తిడి తక్కువ కనుక బర్నర్ ఎంచుకునేటప్పుడే అమ్మేవారిని అడగాలి. గ్యాస్, ఆక్సిజన్ బర్నర్ లోపల కలిసే రకం కంటే, రెండూ మూతి దగ్గర బయట కలిసే రకం కొత్తవారికి మంచిది. మంట వెనక్కి తన్నే ప్రమాదం అందులో తక్కువ, మంటను సూదిమొనంత సన్నగానూ చేయవచ్చు, కుచ్చులా వెడల్పుగానూ చేయవచ్చు.

గాలి గురించి ఎవరూ తేలికగా తీసుకోవద్దు. ఆక్సిజన్‌తో మండే పెద్ద మంట నైట్రోజన్ ఆక్సైడ్‌లను పుట్టిస్తుంది, మంట సరిగా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. కిటికీ తెరిచి ఉందని ఊరుకోకుండా, మంట పైన గొడుగులాంటి హుడ్, దానికి బయటికి లాగే ఫ్యాను, వెనుక నుంచి కొత్త గాలి వచ్చే దారి ఏర్పాటు చేసుకోవాలి. కళ్లకు డిడిమియం అద్దాలు వాడాలి. గాజులోని సోడియం వల్ల మంట దగ్గర పుట్టే పసుపు వెలుగును అవి ఆపుతాయి, అప్పుడే గాజు అసలు ఏ స్థితిలో ఉందో కనిపిస్తుంది. బోరోసిలికేట్‌తో పెద్ద ముద్దలు కరిగించేవారు వేడి కిరణాలను కూడా ఆపే ముదురు అద్దం వాడాలి. నూలు బట్టలు వేసుకోండి, జుట్టు ముడివేసుకోండి. వేడి గాజుకూ చల్లని గాజుకూ చూడటానికి తేడా ఉండదు కనుక, బల్ల మీద వేడివి పెట్టే చోటు ఒకటే ఉండాలి.

తంగేడుపూత (కరీంనగర్)

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ చదివిన తర్వాత బోరోసిలికేట్ తీసుకున్నాను. నగరంలో ఒక గ్లాస్ బ్లోయర్ గారు శనివారాలు తన బల్ల దగ్గర కూర్చోనిస్తున్నారు. తిప్పడం, కొసన ముద్ద చేయడం, సన్నని తీగలు లాగడం కుదురుతోంది. ఇప్పుడు రంగులేని గాజుతో రేకులు చేస్తున్నాను. ఒక సందేహం ఉంది. మూడో రేకో నాలుగో రేకో అతికే సమయానికి మొదటి రేకు మొదట్లో వెంట్రుక లాంటి పగులు కనిపిస్తోంది. కొన్నిసార్లు పగులు ఆ పూట కనిపించక, మర్నాడు కనిపిస్తోంది. ఈ రెండూ ఒకే కారణం వల్ల జరుగుతాయా?

ఊదుగొట్టం (హైదరాబాద్)

చాలా మంచి ప్రశ్న. రెండింటికీ కారణాలు వేరు, కానీ రెండూ అతుకు దగ్గరే తేలతాయి. పని చేస్తుండగా వచ్చే పగులు ఆ భాగం మరీ చల్లారిపోవడం వల్ల వస్తుంది. మర్నాడు వచ్చేది అతుకులో మిగిలిపోయిన బిగువు వల్ల వస్తుంది.

రేకు ఎలా చేయాలో మొదటి నుంచి చెబుతాను, ఎందుకంటే అతుకు బాగోగులు రేకు మొదలు దగ్గరే నిర్ణయమవుతాయి. 5 లేదా 6 మిల్లీమీటర్ల కడ్డీ కొసను మంట పై భాగంలో తిప్పుతూ కరిగిస్తే కొసన ముద్ద పెరుగుతుంది. ఆ ముద్ద చిక్కని తేనె లాగా సాగుతున్నప్పుడు మంట నుంచి బయటికి తీసి, ఒక్క క్షణం ఆగి, రెండు పలకల పట్టకారుతో నొక్కాలి. వెంటనే నొక్కితే పలకకు అంటుకుంటుంది, ఆలస్యం చేస్తే నొక్కుడుకు లొంగదు. చదునైన బిళ్ల చాలా త్వరగా వేడి కోల్పోతుంది, కనుక మళ్లీ అంచును మాత్రమే వేడి చేసి, సన్నని పట్టకారుతో అంచును అక్కడక్కడ పట్టి కొంచెం బయటికి లాగితే తంగేడు రేకుకు ఉండే ముడతల అంచు వస్తుంది. తంగేడు రేకు మొదట్లో సన్నని కాడ లాగా ఉంటుంది కదా. దానిని చేయడానికి బిళ్ల కింద కడ్డీని వేడి చేసి మెల్లగా లాగి, నడుము సన్నబడిన చోట మంటతో తెంపాలి. తెంపిన మొన పదునుగా వదలకూడదు. దానిని మళ్లీ కరిగించి చిన్న గుండు చేయాలి.

ఇప్పుడు అతుకు. కాడ కొసనూ, రేకు మొదలు గుండునూ పక్కపక్కన ఉంచి, రెండూ ఒకే రీతిగా నారింజ రంగుకు వచ్చేవరకు వేడి చేయండి. ఒకటి మెరుస్తూ మరొకటి మసకగా ఉంటే తాకించవద్దు. తాకించిన తర్వాత నొక్కకుండా, అర మిల్లీమీటరు మాత్రం వెనక్కి లాగండి. అప్పుడు అతుకు చుట్టూ ఉన్న మడత విప్పుకుంటుంది. ఆ తర్వాత మంటను సన్నగా చేసి, అతుకు చుట్టూ తిప్పుతూ, రెండు గాజుల మధ్య గీత కనిపించకుండా పోయేవరకు కరిగించండి. వేలితో తాకలేము గనుక కంటితోనే చూడాలి: లోపలి మూల గుండ్రంగా నిండి ఉండాలి, కోసుగా ఉండకూడదు. కోసుగా మిగిలిన ప్రతి మూలా పగులుకు ఆరంభమే. మర్నాడు కనిపించే పగుళ్లలో ఎక్కువ భాగం అక్కడివే.

ఇక పని మధ్యలో వచ్చే పగులు సంగతి. ఒక రేకు మీద దృష్టి పెట్టినప్పుడు మిగతావి చల్లారుతుంటాయి. కొద్ది సెకన్లకు ఒకసారి పువ్వు మొత్తాన్ని మంట చివరి భాగంలో, వెడల్పుగా ఉన్న చోట, ఆగకుండా తిప్పి తీయాలి. రూపం కరగకూడదు, వేడి మాత్రం పోకూడదు. నాకు తెలిసినంతలో శిల్పం నేర్చుకోవడమంటే ఈ అలవాటు చేతికి రావడమే.

మెత్తనిగాజు (బెంగళూరు)

పై వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మురానో పనివారు సోడా గాజుతో పెద్ద బొమ్మలు చేయగలగడానికి కారణం ఇదే. వారి చేయి బొమ్మను మంటకు చూపించడం ఎప్పుడూ మానదు. తంగేడుపూత గారూ, బోరోసిలికేట్ క్షమిస్తుంది కదా అని ఈ అలవాటును వాయిదా వేయకండి.

డెలవేర్‌తీరం (న్యూజెర్సీ)

ఈ చర్చ చదివే వారిలో అమెరికాలో ఉన్న తెలుగువారు ఎవరైనా ఉంటే వారి కోసం రాస్తున్నాను. న్యూజెర్సీ దక్షిణ భాగంలోని సేలం కమ్యూనిటీ కాలేజీలో శాస్త్రీయ గాజు పరికరాల తయారీలో డిగ్రీ చదువు ఉంది. పాల్ స్టాంకార్డ్ చదివినది అక్కడే, అప్పట్లో అది వృత్తివిద్యా పాఠశాల. ఆయన 1943లో పుట్టాడు, ప్రయోగశాలలకు గాజు పరికరాలు చేస్తూ జీవితం ప్రారంభించాడు, తర్వాత మంట ముందు అడవి పూలను, వేర్లను, తేనెటీగలను చేసి స్వచ్ఛమైన గాజు ముద్ద లోపల బంధించడంలో పేరు పొందాడు. ఊదుగొట్టం గారు చెప్పిన దారి, అంటే పరికరాల పని నుంచి పూల పనికి రావడం, ఆయన నడిచిన దారే. దగ్గరలోని మిల్‌విల్‌లో వీటన్‌ఆర్ట్స్ అనే గాజు కళా కేంద్రం, న్యూయార్క్ రాష్ట్రంలో కార్నింగ్ గాజు మ్యూజియం వారి స్టూడియో కూడా ఉన్నాయి. కార్నింగ్‌లో కొత్తవారికి చిన్న తరగతులు కూడా ఉంటాయి.

హార్వర్డ్ గాజు పూల గదిని 2016లో పునరుద్ధరించారు. అక్కడికి వెళ్లేవారు పువ్వులు చూసి వచ్చేయకుండా, కుళ్లిన పండ్ల నమూనాల దగ్గర ఆగాలి. పియర్ పండు మీద బూజు మచ్చను, ముడతపడిన తొక్కను రుడాల్ఫ్ తన చివరి సంవత్సరాల్లో గాజుతో చేశాడు. వృక్షశాస్త్రం బోధించేవారికి అవి పువ్వుల కంటే ఎక్కువ నేర్పుతాయని నా అభిప్రాయం.

పూసలపేట (తిరుపతి)

మా జిల్లాలోని పాపానాయుడుపేటలో గాజు పూసల పని తరతరాలుగా ఉంది. అది మంట ముందు చేసే పని కాదు. కొలిమిలో కరిగిన గాజును పొడవైన గొట్టంగా లాగి, ముక్కలుగా నరికి పూసలు చేస్తారు. ఇక్కడ ఆ పని గురించి చెప్పడానికి కారణం రంగు గాజు. చౌకగా దొరుకుతాయని ఫిరోజాబాద్ రంగు కడ్డీలు తెచ్చి, ఏది దేనితో కలుస్తుందో తెలియకుండా వాడేవారు ఉన్నారు. గాజు ముక్క మీద దాని వ్యాకోచం అంకె రాసి ఉండదు.

రెండు గాజులు కలుస్తాయో లేదో ఇంటి దగ్గరే తెలుసుకునే పద్ధతి ఉంది. రెండు రంగుల కొసలను పక్కపక్కన కరిగించి ఒక ముద్దగా చేయండి, కానీ రంగులు కలిసిపోనివ్వకండి, ఒక వైపు ఒకటి, మరో వైపు ఇంకొకటి ఉండాలి. ఆ ముద్దను పట్టకారుతో పట్టి జానెడు పొడవున సన్నని తీగగా తిన్నగా లాగండి. చల్లారాక తీగ నిటారుగా ఉంటే రెండూ దాదాపు సమంగా కుంచించుకుపోయినట్టు. విల్లు లాగా వంగితే, లోపలి వంపు వైపు ఉన్న గాజు ఎక్కువగా కుంచించుకుపోయిందని అర్థం, ఆ రెండింటినీ ఒకే బొమ్మలో వాడకూడదు.

తంగేడుపూత (కరీంనగర్)

ఊదుగొట్టం గారు చెప్పిన విధంగా రేకును వెనక్కి లాగి మూలను నింపడం మొదలుపెట్టాక పని మధ్యలో పగుళ్లు రావడం లేదు. ఇప్పుడు ఎనీలింగ్ గురించి, అంటే గాజులోని బిగువు పోయేలా వేడిలో ఉంచి మెల్లగా చల్లార్చడం గురించి అడగాలి. ప్రస్తుతం పువ్వును సెరామిక్ ఫైబర్ దుప్పటిలో చుట్టి చల్లారుస్తున్నాను. దానికి కిల్న్ (వేడిని అదుపు చేయగల కొలిమి) కొనడం తప్పదా? పసుపు రంగు విషయంలో కూడా మీ నిర్ణయం చెప్పండి.

యేనావాసి (జర్మనీ)

తప్పదు. దుప్పటి గాజును మెల్లగా చల్లారుస్తుంది, కానీ లోపలి బిగువును తీసివేయదు. బోరోసిలికేట్‌లో బిగువు సడలాలంటే మొత్తం వస్తువు దాదాపు 560, 565 డిగ్రీల దగ్గర కొంతసేపు నిలిచి ఉండాలి. 6 మిల్లీమీటర్ల దళసరికి గంట అనేది చాలామంది పాటించే లెక్క. ఆ తర్వాత 500 డిగ్రీల దిగువకు చేరేవరకు మెల్లగా దించాలి, నిమిషానికి డిగ్రీ చొప్పున దింపినా మంచిదే. అక్కడి నుంచి కిల్న్ ఆపివేసి తలుపు మూసి ఉంచితే చాలు. సోడా గాజుకైతే ఈ ఉష్ణోగ్రత తక్కువ, 520 దగ్గర. రోజంతా చేసినవాటిని దుప్పటిలో చల్లార్చి, వారాంతంలో ఒకేసారి కిల్న్‌లో మెల్లగా వేడెక్కించి ఎనీలింగ్ చేయడం బోరోసిలికేట్‌లో కుదురుతుంది. కాబట్టి కిల్న్ సొంతంగా లేకపోతే మీ గ్లాస్ బ్లోయర్ గారి ఒవెన్‌ను అడగవచ్చు.

బిగువు మిగిలి ఉందో లేదో చూడటానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. లాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లని పేజీ తెరవండి, దాని నుంచి వచ్చే వెలుగు పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను తెర ముందు పట్టుకుని, తెర నల్లగా కనిపించేవరకు తిప్పండి. ఇప్పుడు రంగులేని గాజు పువ్వును తెరకూ అద్దానికీ మధ్య ఉంచితే, బిగువు ఉన్న చోట తెల్లగా వెలుగుతుంది. ముఖ్యంగా అతుకుల చుట్టూ చూడండి. ఎనీలింగ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూస్తే, ఏ అతుకు ఎలా చేశారో మీకే అర్థమవుతుంది. నిండు రంగు గాజు లోపలికి ఇది చూపించలేదు, అందుకే ముందు రంగులేని గాజుతో నేర్చుకోవడం మేలు.

ఊదుగొట్టం (హైదరాబాద్)

పసుపు గురించి: మెత్తనిగాజు గారి హెచ్చరిక సరైనదే. కాడ్మియం పసుపు బోరోసిలికేట్‌ను మంట మొదట్లో, నీలి మొనల దగ్గర పెడితే మరిగిపోయి బూడిదవన్నె బుడగలు మిగులుతాయి. దానిని మంటలో దూరంగా, ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న మంటలో, ఓపికగా వేడి చేయాలి. అది ఎప్పుడూ పూర్తిగా కారేంత వేడికి రాకూడదు. మరొక జాగ్రత్త, దానిని రుద్ది, అరగదీసి పొడి చేయకూడదు. ఆ పొడి పీల్చడం మంచిది కాదు, హుడ్ ఫ్యాను ఎప్పుడూ నడుస్తుండాలి.

మీ అవసరానికి నేను సూచించేది వేరు. రేకును రంగులేని బోరోసిలికేట్‌తోనే చేయండి. ఎనీలింగ్ తర్వాత, బ్లాష్కాల తొలి నమూనాల పద్ధతిలో, పసుపు రంగును వెనుక వైపు పలుచగా పూయండి. ఈనెలను సన్నని కుంచెతో నారింజ రంగులో గీయండి. గాజు గుండా చూస్తే రంగుకు లోతు వస్తుంది. పసుపు కడ్డీని కేసరాల కోసం దాచండి. అవి చిన్నవి, తక్కువ వేడితో అయిపోతాయి.

కేసరాలను ఆఖరున అతకాలి. ముందే పెడితే రేకులు అతికే మంటకు అవి వంగిపోతాయి. 2 మిల్లీమీటర్ల కంటే సన్నని తీగలు లాగి, పొడుగువి, పొట్టివి వేర్వేరుగా తుంచి, ప్రతిదాని కొసనా పరాగకోశం ముందే చేసి వరుసగా పెట్టుకోండి. పువ్వు మధ్యభాగాన్ని ఒక చోట మాత్రమే సూదిమంటతో మెరిపించి, తీగ మొదలును తాకించి, మంటను వెంటనే తప్పించండి. అండాశయాన్ని అన్నిటికంటే ముందు పెట్టండి. దాని వంపు ఏ వైపో ముందే తెలిస్తే కేసరాలను దాని చుట్టూ సర్దవచ్చు.

నీలిజ్వాల (విశాఖపట్నం)

ఆకు గురించి ఎవరూ అనలేదు. తంగేడు ఆకు జతలు జతలుగా చిన్న ఆకులు ఉన్న ఈనె. దానిని గాజులో ఒకే ముక్కగా చేయాలంటే అతుకులు ఇరవైకి తగ్గవు, ప్రతి అతుకూ మిగతా వాటిని చల్లార్చేస్తుంది. చిన్న ఆకులను విడివిడిగా చేసి, ఎనీలింగ్ చేసి, రాగి తీగకు జిగురుతో అతికి, తీగ మీద ఆకుపచ్చ రంగు వేయడం మేలు. యేనావాసి గారు చెప్పినట్టు హోస్టర్‌విట్జ్‌లో జరిగినదీ అలాంటి పనే.

తంగేడుపూత (కరీంనగర్)

ఆకును తీగ మీద, పువ్వును మంటలో అని నిర్ణయించుకున్నాను. అండాశయం వంపు సరిగా చూడటానికి మానేరు గట్టు మీద పూసిన కొమ్మలు తెచ్చి నీటిలో ఉంచాను, రేకులు రాలేలోపు ప్రతి భాగాన్ని మిల్లీమీటర్లలో కొలిచి బొమ్మ గీసుకుంటున్నాను. శనివారం గ్లాస్ బ్లోయర్ గారి దగ్గరికి ఆ బొమ్మలు తీసుకువెళతాను. ఒక్కటి మాత్రం అడగాలి: కేసరాల పరాగకోశం కొసన చిన్న రంధ్రం కనిపిస్తోంది. అసలు పరిమాణంలో దానిని చూపించడం కుదరదని తెలుసు. ఒక్క కేసరాన్ని పదిరెట్లు పెంచి వేరుగా చేస్తే, ఆ రంధ్రాన్ని గొట్టంతో చేయాలా, నిండు కడ్డీతో చేసి టంగ్‌స్టన్ సూదితో గుచ్చాలా?

ఊదుగొట్టం (హైదరాబాద్)

గొట్టంతో చేయండి. 8 మిల్లీమీటర్ల గొట్టాన్ని కొసన మూసి, మెల్లగా ఊది పరాగకోశం ఆకారం తెచ్చిన తర్వాత, మూసిన కొసను సూదిమంటతో ఒక చుక్క మాత్రం వేడి చేసి ఊదితే ఆ చోట పలుచబడి పగులుతుంది. పగిలిన అంచును మంటకు చూపించి గుండ్రం చేస్తే రంధ్రం శుభ్రంగా వస్తుంది. సూదితో గుచ్చితే అంచు లోపలికి మడత పడి, ఎనీలింగ్‌లో అక్కడే తెరుచుకుంటుంది. శనివారం మీరు కూర్చునే బల్ల మీద గొట్టం ఊదే రబ్బరు పైపు ఉంటుంది, దానితో సాధన చేయండి.